రిబావిరిన్ మొదలుపెట్టాక అమ్మ హిమోగ్లోబిన్ 8.7కి పడింది, మోతాదు తగ్గిస్తే జబ్బు నయం కాదా?

పల్నాడు టీచర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. అమ్మకి 62 ఏళ్లు, బరువు 54 కిలోలు. పోయిన ఏడాది కంటిశుక్లం ఆపరేషన్‌కి తీసుకెళ్తే, ముందు చేసే రక్తపరీక్షల్లో హెపటైటిస్ సి బయటపడింది. అప్పటిదాకా ఆ పేరే మాకు తెలియదు. డాక్టరుగారు పాత సంగతులన్నీ ఒక్కొక్కటే అడుగుతూ వెళ్తే, 1993లో గర్భసంచి ఆపరేషన్ అప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారని అమ్మ చెప్పింది. దాని వల్లే అయ్యుంటుంది అన్నారు. మన దేశంలో దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి చేసింది 2001లోనట. ముప్పై ఏళ్లు ఏ చప్పుడూ లేకుండా లోపలే ఉండి లివర్‌ని పాడుచేసింది.

మాకు తెలిసేసరికే పొట్టలో నీరు చేరింది, ఒకసారి తీయించాం. అందుకే సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్ కలిసిన మాత్రతో పాటు రిబావిరిన్ కూడా 12 వారాలు వాడాలన్నారు. మందులు ప్రభుత్వం వాళ్లవే, ఉచితంగా ఇస్తున్నారు.

రిబావిరిన్ 200 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ మొదట రోజుకి మూడు, తర్వాత నాలుగు ఇచ్చారు. మందు మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్ 11.6. రెండు వారాలకి 10.1. నిన్న, అంటే నాలుగో వారం, 8.7. ప్లేట్‌లెట్లు 64 వేలు ఉండేవి, ఇప్పుడు 58 వేలు. డాక్టరుగారు క్యాప్సూల్స్ రెండుకి తగ్గించారు. ఇంకా పడితే పూర్తిగా ఆపేసి, మిగతా మాత్ర ఒక్కటే 24 వారాలు వాడదాం అన్నారు.

ఇంటికొచ్చి నెట్‌లో చదివితే, రిబావిరిన్ తగ్గిస్తే వైరస్ తిరిగి వస్తుందని ఎక్కడో చూశాను. అప్పటి నుంచి నిద్ర లేదు. ఇంత దూరం వచ్చాక మందు వృథా అయిపోతుందేమోనని టెన్షన్. మరోపక్క అమ్మ మంచం మీంచి లేచి వంటింటి గడప దాకా వచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోతోంది. కళ్లు కూడా కాస్త పచ్చగా కనిపిస్తున్నాయి.

ఇంకో బాధ ఉంది. ఇంకా తగ్గితే రక్తం ఎక్కించాల్సి రావచ్చు అన్నారు. అమ్మ ససేమిరా అంటోంది. "ఆ రక్తమే కదే నన్నిలా చేసింది, మళ్లీ ఎక్కించుకోను, పోతే పోతాను" అని మొహం గోడవైపు తిప్పేసుకుంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

పెద్దమ్మ రోజూ బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు పెడుతోంది, మెడికల్ షాపు నుంచి ఐరన్ టానిక్ తెప్పించింది. క్యాప్సూల్ మింగడానికి అమ్మ ఇబ్బంది పడుతుంటే మా మరదలు విప్పి పెరుగన్నంలో కలిపి పెడుతోంది. తనకిప్పుడు ఐదో నెల, అయినా అమ్మ పనంతా తనే చూస్తోంది. నేను స్కూలుకి వెళ్లాలి కదా.

ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.


స్టాఫ్ నర్స్, విశాఖ

అమ్మా, మీరు అడిగినవాటికి పెద్దలు చెబుతారు. నేను ఒక్కటే చెప్పడానికి ఆగాను, ఇది చదివిన వెంటనే ఇంటికి ఫోన్ చేయండి.

మీ మరదలు ఆ క్యాప్సూల్ ముట్టుకోకూడదు. రిబావిరిన్ కడుపులో బిడ్డకి హాని చేసే మందు. ఈ మందు వాడే ఆడవాళ్లు మందు ఆపాక కూడా తొమ్మిది నెలలు, వాడే మగవాళ్ల భార్యలు ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలని చెబుతాం. అలాంటిది ఐదో నెల గర్భిణి పొడి విప్పి చేత్తో కలపడం అసలు వద్దు. కంగారు పెట్టాలని కాదు. రేపే తనని చూసే గైనకాలజిస్టుకి ఎన్నాళ్లుగా విప్పుతోంది, గ్లవ్స్ ఉన్నాయా లేవా, అంతా ఉన్నదున్నట్టు చెప్పండి.

మీ అమ్మగారి కోసం కూడా ఈ క్యాప్సూల్ విప్పకూడదు, నలపకూడదు. అన్నం తింటూ మధ్యలో, నిటారుగా కూర్చుని, నీళ్లతో ఒక్కొక్కటీ మింగించండి. ఖాళీ కడుపున వద్దు. అప్పటికీ మింగలేకపోతే డాక్టరుకి చెప్పండి. ఇంట్లో ఉపాయాలు వద్దు.


ఒంగోలు నుంచి ఒక సభ్యుడు

మా ఆవిడకి డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు 30 వేలకి పడిపోతే బొప్పాయి ఆకు రసం పట్టించాం. నాలుగు రోజుల్లో లక్ష దాటాయి. ఉదయం పరగడుపున రెండు చెంచాలు. మీ అమ్మగారికి కూడా పని చేస్తుందేమో చూడండి. తల్లి బాధ చూడలేక రాస్తున్నాను. త్వరగా కోలుకోవాలి.


పాత ఇంటర్‌ఫెరాన్ పేషెంట్, కొత్తగూడెం

తల్లీ, నీ పోస్టు రెండుసార్లు చదివిన. నాకిప్పుడు 64. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన. ఈ జబ్బుకి రెండుసార్లు మందు వాడినవాణ్ని. మొదటిసారి వైరస్ పోయి మళ్లీ వచ్చింది, రెండోసారి పూర్తిగా పోయింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్న, ఓపికగా చదువు.

నువ్వు నెట్‌లో చదివింది అబద్ధం కాదు, కానీ అది నా కాలం నాటి మాట. 2010లో నేను మందు మొదలుపెట్టినప్పుడు ఈ మాత్రలేవీ లేవు. వారానికోసారి పొట్ట మీద పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రిబావిరిన్ క్యాప్సూల్స్. ఈ వైరస్‌లో జీనోటైప్‌లని రకాలుంటాయి, నాది జీనోటైప్ 1 కాబట్టి 48 వారాలు. అప్పట్లో డాక్టర్లు 80 లెక్క ఒకటి చెప్పేవాళ్లు: రెండు మందుల్లోనూ కనీసం 80 శాతం మోతాదు, కనీసం 80 శాతం కాలం పడితేనే నయమయ్యే అవకాశం బాగుంటుందని. ఎందుకంటే అప్పుడు వైరస్ మీద నేరుగా దెబ్బ కొట్టే మందు మా దగ్గర లేదు. ఆ రెంటి మీదే భారమంతా.

ఇప్పుడు మీ అమ్మ విషయంలో అసలు పని చేస్తున్నది సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్ మాత్ర. రిబావిరిన్ దానికి తోడు మాత్రమే. పొట్టలో నీరు వచ్చేంతగా లివర్ దెబ్బతిన్నవాళ్ల మీద చేసిన ఆస్ట్రల్-4 అనే అధ్యయనం 2015లో వచ్చింది. రిబావిరిన్ కలిపి 12 వారాలు వాడితే 94 శాతం మందికి వైరస్ పోయింది. కలపకుండా 12 వారాలు వాడితే 83 శాతం, కలపకుండా 24 వారాలు వాడితే 86 శాతం. చూశావా, అసలు రిబావిరిన్ ముట్టనివాళ్లలో కూడా పదిమందిలో ఎనిమిది మందికి పైగా బాగుపడ్డారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే జీనోటైప్ 3 వాళ్లకి మాత్రం ఆ తోడు ఎక్కువ అవసరం అంటారు. అందుకే డాక్టరు వెంటనే ఆపేయకుండా తగ్గించి చూస్తున్నాడు. మీ అమ్మది ఏ జీనోటైపో, పరీక్ష చేశారో లేదో ఒకసారి అడుగు.

రోజూ తప్పకుండా పడాల్సింది ఆ పెద్ద మాత్ర. అది ఒక్కరోజు కూడా మానకూడదు. గ్యాస్ మాత్రలు వేస్తున్నారా? ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి వెల్పటాస్‌విర్‌ని ఒంటికి పట్టకుండా చేస్తాయి. మన ఇళ్లల్లో వాటిని మంచినీళ్లలా మింగుతారు, డాక్టరుకి చెప్పాల్సిన మందు అని కూడా అనుకోరు. వాడుతుంటే తప్పకుండా చెప్పు. రిబావిరిన్ రెండు క్యాప్సూల్స్ తగ్గినందుకు కంటే నేను దీనికి ఎక్కువ భయపడతా.

ఇక రక్తం ఎందుకు తగ్గుతోంది అన్నది. రిబావిరిన్ ఎర్రకణం లోపలికి దూరి, అక్కడ రూపం మార్చుకుని, బయటికి రాలేక అక్కడే పేరుకుంటుంది. కణం బలం తగ్గి 120 రోజులు బతకాల్సింది ముందే పగిలిపోతుంది. అంటే మీ అమ్మ ఒంట్లో ఇనుము తక్కువై రక్తం తగ్గడం లేదు, తయారైన కణమే పగిలిపోతోంది. బీట్‌రూట్ పెట్టినా ఖర్జూరం పెట్టినా ఆ పగలడం ఆగదు. తిండిగా పెడితే తప్పులేదు, షుగర్ ఉంటే ఖర్జూరాలు చూసుకోవాలి. ఐరన్ టానిక్ మాత్రం డాక్టరు రాయకుండా వద్దు తల్లీ. ఒకటి, లివర్ జబ్బులో అవసరం లేని ఇనుము మంచిది కాదు. రెండోది ఇంకా ముఖ్యం. లివర్ గట్టిపడ్డవాళ్లకి అన్నవాహికలో నరాలు ఉబ్బి రక్తం కారే ప్రమాదం ఉంటుంది. అప్పుడు విరేచనం తారులాగా నల్లగా, జిగటగా వస్తుంది. ఐరన్ టానిక్ తాగినా విరేచనం నల్లగానే వస్తుంది. అసలు ప్రమాదం వచ్చిన రోజు కూడా మీరు టానిక్ వల్లే అనుకుని ఊరుకుంటారు. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించడం, డైక్లోఫినాక్ మాత్ర వేయడం ఇప్పుడు అసలు వద్దు. ప్లేట్‌లెట్లు 58 వేలున్న మనిషికి, అందులోనూ లివర్ జబ్బుకి అది చాలా చెడు చేస్తుంది.

బొప్పాయి ఆకు గురించి రాసిన ఒంగోలు అన్నది మంచి మనసే. కానీ డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడి, జ్వరం తగ్గాక వాటంతట అవే లేస్తాయి. మీ అమ్మకి తక్కువ ఉన్నది వేరే కారణంతో. లివర్ గట్టిపడితే ప్లీహం పెరిగి ప్లేట్‌లెట్లని తనలో ఆపేసుకుంటుంది. పైగా వాటిని తయారు చేయమని ఎముక మజ్జకి చెప్పే పదార్థం లివర్‌లోనే పుడుతుంది, అదీ తగ్గుతుంది. ఇప్పుడు వాడే మాత్రలు ప్లేట్‌లెట్లని తగ్గించవు. ఆ తగ్గించే పని నా ఇంటర్‌ఫెరాన్ చేసేది.

నా సంగతి చెప్తా. మందు మొదలుపెట్టేటప్పుడు నా హిమోగ్లోబిన్ 14.2. ఆరో వారానికి 9.4. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 620కి పడితే ఇంజెక్షన్ 180 నుంచి 135 మైక్రోగ్రాములకి తగ్గించారు. రక్తం పెరగడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు వేశారు. మేముండే క్వార్టర్ రెండో అంతస్తు, 34 మెట్లు. రిపోర్టులో అంకెలు నాకు అర్థమయ్యేవి కాదు, మెట్లు అర్థమయ్యేవి. అందుకని మా పిల్లవాడి పాత లెక్కల నోట్‌బుక్కులో రోజూ సాయంత్రం రాసేవాణ్ని: ఈ రోజు మెట్లెక్కుతూ ఎన్నిసార్లు ఆగాను. 14 ఉన్నప్పుడు ఆగలేదు. 11 దగ్గర ఒకసారి, మలుపు దగ్గర. 9.4 దగ్గర మూడుసార్లు, చివరిసారి కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నా. ఆ నోట్‌బుక్కు డాక్టరు ముందు పెడితే ఆయన రిపోర్టు పక్కన పెట్టి ముందు అదే చూశాడు. "అంకె 9.6కి వచ్చినా మీరు ఇంకా మూడుసార్లు ఆగుతున్నారు" అని గుండె పరీక్ష చేయించాడు. గుండె బాగుంది, దేవుడి దయ.

తొమ్మిదో వారంలో నేనొక తప్పు చేసిన. నీరసం తట్టుకోలేక ఎవరికీ చెప్పకుండా క్యాప్సూల్స్ పదకొండు రోజులు మానేసిన. ఒంట్లో కాస్త తేలిక అనిపించింది. ఇంట్లో వేసుకున్నానని చెప్పిన. కోర్సు అయిపోయేనాటికి వైరస్ కనపడలేదు, ఆరు నెలలకి తిరిగొచ్చింది. ఆ పదకొండు రోజుల వల్లే అని ఎవరూ చెప్పలేరు, పూర్తిగా వాడినా చాలామందికి తిరిగొచ్చేది ఆ కాలంలో. కానీ నాకు ఆ రోజులు ఇప్పటికీ గుర్తొస్తాయి. డాక్టరు లెక్క చూసి తగ్గించడం వేరు, మనం మంచం మీద పడుకుని సొంతంగా మానేయడం వేరు. మీ అమ్మకి జరిగింది మొదటిది. దానికి భయపడకు.

2015లో హైదరాబాద్ కంపెనీ నాట్కో సోఫోస్‌బువిర్‌ని హెప్సినాట్ పేరుతో తెచ్చింది. అమెరికాలో మాత్ర వెయ్యి డాలర్లు అని పేపర్లో చదివి ఆశ వదులుకున్న మందు, 28 మాత్రల డబ్బా 19,900 రూపాయలకి దొరికింది. నేను 2016లో సోఫోస్‌బువిర్, లెడిపాస్‌విర్ 12 వారాలు వాడిన, రిబావిరిన్ లేకుండా. హిమోగ్లోబిన్ మొదట్లో 13.9, చివర్లో 13.8. ఒక్క రోజు కూడా మెట్ల మీద ఆగలేదు. ఆపాక 12 వారాలకి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తే, లేదు. ఇప్పటికీ లేదు.

నువ్వు కూడా అమ్మ కోసం ఒక నోట్‌బుక్కు పెట్టు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, బరువు, విరేచనం రంగు. వాటి పక్కనే, అమ్మ రోజూ నడిచే దారి ఒకటి పట్టుకుని అందులో ఎన్నిసార్లు ఆగిందో రాయి.


పల్నాడు టీచర్

బాబాయిగారూ, మీ రిప్లై స్టాఫ్ రూమ్‌లో చదువుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పక్కన ఉన్న టీచర్లు ఏమైందోనని కంగారుపడ్డారు.

విశాఖ సిస్టర్‌గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. అప్పుడే ఇంటికి ఫోన్ చేశాను. తొమ్మిది రోజులుగా విప్పుతోందట, చేతులు కడుక్కునేదట గానీ గ్లవ్స్ లేవు. మర్నాడే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. అంతా రాసుకున్నారు. ఎలాగూ చేయాల్సిన టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలు చూసేది) ఆ రోజే చేయించారు, బాగానే ఉందన్నారు. నెలనెలా చూస్తామన్నారు. ఇప్పుడు క్యాప్సూల్స్ సంగతి పూర్తిగా నాన్నే చూస్తున్నారు. అమ్మ పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాక ఒకటి, మళ్లీ నాలుగు ముద్దలు తిన్నాక ఇంకోటి. మింగుతోంది.

ఐరన్ టానిక్ ఆపాం. పెద్దమ్మకి కాస్త కోపం వచ్చింది, విరేచనం రంగు గురించి వివరంగా చెబితే ఒప్పుకుంది. గ్యాస్ మాత్ర నిజంగానే వేస్తున్నాం బాబాయిగారూ! ఆపరేషన్ టైములో ఎవరో రాసింది, అలా నడిచిపోతోంది. డాక్టరుగారికి చూపిస్తే దాని అవసరమే లేదని తీసేశారు. జీనోటైప్ 3 అని రిపోర్టులో ఉంది.

ఒక్క సందేహం. కళ్లు పచ్చబడటం మాత్రం భయంగానే ఉంది. కళ్లని పచ్చబరిచే బిలిరుబిన్ 1.9 ఉండేది 3.1 అయింది. లివర్ ఇంకా పాడవుతోందా? పైగా రెండు ల్యాబుల్లో ప్లేట్‌లెట్లు వేరువేరుగా వచ్చాయి, ఒకచోట 58 వేలు, ఇంకోచోట 41 వేలు, రెండు రోజుల తేడాలో.


ల్యాబ్ టెక్నీషియన్, రాజమండ్రి

మేడం, నేను పద్నాలుగేళ్లుగా ల్యాబ్‌లో ఉన్నాను, అందులో ఆరేళ్లు బ్లడ్ బ్యాంకులో. మీ చివరి రెండు ప్రశ్నలు నా పనికి సంబంధించినవి కాబట్టి రాస్తున్నాను.

రిపోర్టులో బిలిరుబిన్ టోటల్ ఒక్కటే కాకుండా డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అని విడిగా ఉంటాయి. ఎర్రకణాలు పగిలినప్పుడు పెరిగేది ఇన్‌డైరెక్ట్. రిబావిరిన్ వాడేవాళ్లలో హిమోగ్లోబిన్ పడుతున్న వారాల్లోనే కళ్లు పచ్చబడటం దీనివల్ల చూస్తాం. డైరెక్ట్ పెరిగితే, లేదా రక్తం గడ్డకట్టే సమయం చెప్పే ఐఎన్‌ఆర్ పెరిగి, లివర్ తయారుచేసే ప్రోటీన్ అల్బుమిన్ పడిపోతుంటే లివర్ వైపు చూడాలి. అది తేల్చాల్సింది డాక్టరే, మీరు ఆ రెండు అంకెలూ విడిగా చూపించి అడగండి. రెటిక్యులోసైట్ కౌంట్ కూడా చేయిస్తే, పగిలినవాటికి బదులు మజ్జ కొత్త కణాలు తయారు చేస్తోందో లేదో తెలుస్తుంది.

ప్లేట్‌లెట్ల సంగతి. సీబీపీ అనే రక్తకణాల లెక్క పరీక్షకి ఊదా మూత గొట్టంలో రక్తం తీస్తాం కదా, అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే మందు ఉంటుంది. కొందరి రక్తంలో దానివల్లే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడతాయి. మిషన్ ఆ గుంపుని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు, అంకె తక్కువ చూపిస్తుంది. రక్తం తీయడం ఆలస్యమై గొట్టాన్ని వెంటనే తిప్పకపోయినా ఇలాగే జరుగుతుంది. ఇలా అనుమానం వస్తే స్లైడ్ మీద స్మియర్ తీసి మైక్రోస్కోప్‌లో చూడమని అడగండి, లేదా నీలం మూత సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీయించండి. అడగడానికి మొహమాటపడొద్దు, రోజూ చేసే పనే. ఇకమీదట కోర్సు అయ్యేదాకా ఒకే ల్యాబ్‌లో చేయించండి. రెండు మిషన్ల అంకెలు పక్కపక్కన పెడితే రక్తం పెరిగిందో తగ్గిందో ఎవరికీ అర్థం కాదు.

మీ అమ్మగారు రక్తం వద్దన్న మాట నన్ను కదిలించింది మేడం. 1993లో ఆమెకి జరిగింది నిజంగా అన్యాయం, ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. "ఇప్పుడు అలా కాదులే" అని మీరు వందసార్లు చెప్పినా ఆమె చెవికెక్కదు. వీలైతే ఒకసారి బ్లడ్ బ్యాంకుకి తీసుకెళ్లండి. ఇప్పుడు ప్రతి సంచి రక్తానికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా, ఈ ఐదూ చూడకుండా బయటికి ఇవ్వం. ఆ ఫలితాలు సంచి లేబుల్ మీద ఉంటాయి. ముందే ఫోన్ చేసి సంగతి చెబితే ఎవరో ఒకరు చూపిస్తారు. మా దగ్గరికి ఎవరైనా ఇలా వస్తే నేనైతే పని ఆపి చూపిస్తాను.


పల్నాడు టీచర్

అందరికీ మళ్లీ నమస్కారం. నెల దాటింది, మధ్యలో స్కూల్లో పరీక్షలు, రాయలేకపోయాను.

ముందు అంకెలు చెబుతాను. క్యాప్సూల్స్ రెండుకి తగ్గించిన వారానికి 8.6. పెరగలేదని కంగారుపడితే డాక్టరుగారు, మందు కణాల్లో పేరుకుని ఉంటుంది, తగ్గించగానే లేవదు, పడటం ఆగింది చూడండి అన్నారు. ఏడో వారం 9.1. తొమ్మిదో వారం 9.4. రిబావిరిన్ ఆపాల్సిన పని రాలేదు. నాలుగో వారం వైరల్ లోడ్ రిపోర్టు కూడా వచ్చింది, వైరస్ కనపడలేదు. ప్లేట్‌లెట్లు స్మియర్ తీసి చూస్తే గుంపులు కట్టి ఉన్నాయన్నారు, నీలం మూత గొట్టంలో 61 వేలు వచ్చాయి. పెరిగిన బిలిరుబిన్‌లో ఎక్కువ భాగం ఇన్‌డైరెక్టే. కళ్లు ఇప్పుడు తెల్లబడ్డాయి.

రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. అయినా అమ్మని బ్లడ్ బ్యాంకుకి తీసుకెళ్లాను. డాక్టరుగారి దగ్గరికి వెళ్లిన రోజే, తమ్ముడు రక్తం ఇస్తానంటే అందరం వెళ్లాం. అక్కడి అమ్మాయి తమ్ముడి రక్తం తీసి పంపాక, మా కథ విని, ఫ్రిజ్‌లోంచి ఒక సంచి తీసి ట్రేలో పెట్టుకుని వచ్చింది. అమ్మ దూరంగానే నిలబడింది. లేబుల్ ఇంగ్లీషులో ఉంది, నేను ఒక్కో లైనూ చదివి తెలుగులో చెప్పాను. హెపటైటిస్ సి అన్న లైను దగ్గరికి వచ్చేసరికి అమ్మ దగ్గరికి వచ్చి, "ఏదీ, ఎక్కడ రాశారు?" అంది. చూపించాను. సంచికి తగలకుండా గాల్లోనే వేలు పెట్టి ఆ అక్షరాల వెంట అటునుంచి ఇటు జరిపింది. "అప్పుడు నాకు ఎక్కించిన సీసా మీద ఇది లేదు" అంది. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా అమ్మ చెయ్యి పట్టుకుంది. బయటికి వచ్చి బస్సెక్కాక అమ్మే అంది, "అవసరమైతే ఎక్కించండి, కానీ ముందు నువ్వు చదివి చెప్పాలి" అని.

పెద్దమ్మ అమ్మకి కంచం, గ్లాసు వేరే పెట్టిన సంగతి నేను మొదట రాయలేదు, సిగ్గనిపించి. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే ఈ జబ్బు రాదని, రక్తం తగిలితేనే వస్తుందని, బ్లేడు, టూత్ బ్రష్, గోళ్ల కత్తెర వేరుగా ఉంటే చాలని డాక్టరుగారి చేతే చెప్పించాను. ఆ సాయంత్రం పెద్దమ్మే ఆ కంచం తీసి మిగతావాటిలో కలిపేసింది.

బాబాయిగారూ, నోట్‌బుక్కు పెట్టాను. మా ఇంటి నుంచి రామాలయం దాకా ఉన్న దారి పట్టుకున్నాను. ఐదో వారంలో నాలుగుసార్లు ఆగింది: కరెంటు స్తంభం దగ్గర, కిరాణా కొట్టు అరుగు మీద, వేపచెట్టు కింద, ఆఖరున గుడి మెట్ల మీద కూర్చుండిపోయింది. ఏడో వారం రెండుసార్లు. నిన్న శనివారం వేపచెట్టు దగ్గర ఆగింది గానీ ఆయాసంతో కాదు, ఎవరో పలకరిస్తే మాట్లాడటానికి. దాన్ని ఆగినట్టు రాయాలా వద్దా అని నాన్న అడిగారు. అమ్మ రాయొద్దంది.

కోర్సు ఇంకా మూడు వారాలు ఉంది. అది అయ్యాక 12 వారాలకి వైరల్ లోడ్ పరీక్ష. ఆ రిపోర్టు రాగానే ఇక్కడ రాస్తాను.


పాత ఇంటర్‌ఫెరాన్ పేషెంట్, కొత్తగూడెం

రాయొద్దనే రాయి తల్లీ, అమ్మ మాటే లెక్క. రిబావిరిన్ ఆపాక నెలా రెండు నెలల్లో రక్తం మళ్లీ దాని చోటికి వస్తుంది, నాకు ఏడు వారాలు పట్టింది. ఒక్కటి గుర్తుపెట్టుకో: వైరస్ పోయినా గట్టిపడ్డ లివర్ ఉంటుంది కాబట్టి ఆరు నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్ మానొద్దు, డాక్టరుని అడిగి తేదీ అదే నోట్‌బుక్కులో రాసిపెట్టు. రిపోర్టు కోసం నేనూ చూస్తుంటా.